బైక్ స్ప్రాకెట్ మార్చడం: అందరూ పదే పదే అడిగే డౌట్లు

మా రైడింగ్ గ్రూపులో వారానికి ఒకళ్లయినా ఇదే అడుగుతారు, ముందు ఒక పన్ను తగ్గించాలా పెంచాలా అని. ప్రతిసారీ మొదటినుంచి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టా. స్ప్రాకెట్ అంటే చైన్ తిరిగే పళ్ల చక్రం, ముందుది ఇంజన్ దగ్గర, వెనకది వెనక చక్రానికి ఉంటుంది. నా బండి 390 డ్యూక్, కంపెనీ నుంచి ముందు 15 పళ్లు వెనక 45 పళ్లతో వచ్చింది, లెక్కలన్నీ దాని మీదే చేశా, మీరు మీ బండి పళ్లు పెట్టి చూసుకోండి. వరసగా చదవాల్సిన పనేం లేదు, మీ డౌట్ ఎక్కడుందో అక్కడికి వెళ్లిపోండి.

## అసలు మార్చాలా వద్దా

స్ప్రాకెట్ మారిస్తే ఇంజన్ పవర్ పెరుగుద్దా అన్నా?

పెరగదు. ఇంజన్ ఇచ్చేది ఇంజన్ ఇస్తుంది, స్ప్రాకెట్ చేసేదల్లా దాన్ని వెనక చక్రానికి లాగుడుగా పంపాలా వేగంగా పంపాలా అని పంచడమే. ముందు 15 తీసి 14 వేస్తే ప్రతి గేర్‌లోనూ చక్రం దగ్గర లాగుడు 7 శాతం పెరుగుద్ది, అదే ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర స్పీడు కూడా దాదాపు అంతే తగ్గుద్ది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడం, అంతే. కాకపోతే 14 వేయగానే థ్రాటిల్ తిప్పితే బండి గబుక్కున ముందుకి దూకుద్ది కాబట్టి పవర్ పెరిగినట్టే ఉంటుంది, మెకానిక్ కూడా "చూశావా తమ్ముడూ" అంటాడు.

పికప్ కావాలంటే ముందు తగ్గించాలా, వెనక తగ్గించాలా? నాకెప్పుడూ తికమకే

ముందు చిన్నదైతే పికప్, ముందు పెద్దదైతే స్పీడు. వెనక దీనికి ఉల్టా, పెద్దదైతే పికప్ చిన్నదైతే స్పీడు. గేర్ సైకిల్ తొక్కినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, ఎత్తు ఎక్కేటప్పుడు వెనక పెద్ద పళ్ల చక్రం మీదకే కదా చైన్ వేస్తాం.

నా బండి ఈమధ్య అస్సలు లాగట్లేదు, 14 వేయిస్తే సెట్ అయిపోద్దా?

"ఈమధ్య" అన్నారు చూడండి, జవాబు అక్కడే ఉంది. కొన్నప్పుడు ఇదే స్ప్రాకెట్‌తో లాగిన బండి ఇప్పుడు లాగట్లేదంటే తప్పు స్ప్రాకెట్‌ది కాదు. బండిని స్టాండ్ వేసి న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పండి, ఒకటి రెండు చుట్లు తేలిగ్గా తిరగాలి. మా వాడొకడు స్ప్రాకెట్ కొనడానికి డబ్బులు కూడా తీశాడు, తీరా చూస్తే వెనక బ్రేక్ పట్టేసి ఉంది, పది కిలోమీటర్లు తిప్పి డ్రమ్ముని ముట్టుకుంటే చెయ్యి కాలింది. బ్రేక్ కాకపోతే ఎయిర్ ఫిల్టర్, టైర్లలో గాలి, ఎండిపోయిన చైన్ చూడండి. ఇంజన్ అరుస్తుంది కానీ బండి కదలట్లేదు అంటే క్లచ్ ప్లేట్లు అయిపోయినట్టే, దాని మీద 14 వేస్తే కొన్నాళ్లు జబ్బు కనపడకుండా ఉంటుంది అంతే.

టాప్ స్పీడ్ పెంచాలి, ముందు 16 వేస్తే చాలా?

కాగితం మీద పెరుగుద్ది. రోడ్డు మీద చాలా బండ్లకి పెరగదు, కొన్నిటికి తగ్గుద్ది కూడా. కారణం గాలి. స్పీడు రెట్టింపైతే గాలి అడ్డం నాలుగు రెట్లు, దాన్ని చీల్చుకుని పోవడానికి కావాల్సిన పవర్ ఎనిమిది రెట్లు. టాప్ స్పీడ్ అనేది ఇంజన్ తన పూర్తి పవర్ ఇచ్చే ఆర్‌పీఎం దగ్గర వస్తుంది, కంపెనీ వాళ్లు గేరింగ్ దాదాపు అక్కడికే సర్ది ఇస్తారు, మనం 16 వేసి ఇంకా బరువు చేస్తే ఇంజన్ ఆ ఆర్‌పీఎం దాకా చేరలేక మధ్యలోనే ఆగిపోద్ది. అప్పుడు ఆఖరి గేర్ కంటే దాని కింది గేర్‌లోనే బండి ఎక్కువ పోతుంది, నవ్వొస్తుంది కానీ నిజం. మీ బండి ఆఖరి గేర్‌లో చదును రోడ్డు మీద రెడ్‌లైన్ (మీటరులో ఎర్ర గీత, ఇంజన్ తిరగగల హద్దు) తాకి ఇంకా పోతానంటుంటేనే 16కి అర్థం ఉంది.

మైలేజీ కోసం 16 వేద్దాం అనుకుంటున్నా

రోజూ హైవే మీద ఒకే స్పీడులో పోయేవాళ్లకి కాస్త కలిసొస్తుంది, ఆర్‌పీఎం తగ్గుద్ది కాబట్టి. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి ఆఫీసుకి పోయేవాళ్లకి కలిసిరాదు సరికదా తగ్గే ఛాన్సే ఎక్కువ. ఇంతకుముందు మూడో గేర్‌లో పోయేచోట రెండోది వేయాల్సి వస్తుంది, కదిలిన ప్రతిసారీ క్లచ్ సగం పట్టుకుని ఇంకొంచెం ఎక్కువ జార్చాల్సి వస్తుంది. టైర్లలో గాలి వారానికోసారి చూసుకుంటే ఇంతకంటే ఎక్కువ మిగులుద్ది, పైగా ఫ్రీ.

లదాఖ్ వెళ్తున్నాం, అందరూ 14 వేయించుకో అంటున్నారు, నిజంగా అవసరమా?

ఇద్దరు మనుషులు, రెండు వైపులా బ్యాగులు, చిన్న ఇంజన్ అయితే అవును. పైకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడుద్ది, సుమారుగా ప్రతి 1000 మీటర్లకి ఇంజన్ పవర్‌లో పదోవంతు పోతుందని లెక్క. ఖార్దుంగ్ లా 5,359 మీటర్లు, అంటే అక్కడ మీ బండి దాదాపు సగం బండే. ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండి అయితే పెట్రోలు కొలత సరిచేసుకుంటుంది కానీ లేని ఆక్సిజన్ అది మాత్రం ఎక్కడ తెస్తుంది. రాళ్ల రోడ్డు మీద మొదటి గేర్‌లో నడకంత నెమ్మదిగా ఎక్కాల్సిన చోట 14 ఉంటే క్లచ్ మాడకుండా బయటపడతారు. హిమాలయన్ 411 లాంటిది కంపెనీ నుంచే 15/38తో (ముందు 15, వెనక 38) వచ్చేది, దానికి 14 వేస్తే రేషియో (వెనక పళ్లు బై ముందు పళ్లు) 2.53 కాస్తా 2.71 అవుద్ది, ఒక్కడే తేలిగ్గా వెళ్లేవాడికి కంపెనీ స్ప్రాకెట్‌తోనే అయిపోద్ది. అరకు, హార్స్‌లీ హిల్స్, శ్రీశైలం ఘాట్ల కోసం మాత్రం ఎవరూ ఏమీ మార్చకండి, ఒక గేర్ తగ్గించండి చాలు.

వారంటీ, ఇన్సూరెన్స్, ఆర్‌టీఓ గొడవలు ఉంటాయా?

మోటార్ వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఆర్సీలో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీసీ ఇలాంటివి ఉంటాయి, స్ప్రాకెట్ పళ్ల లెక్క ఉండదు. వారంటీ వేరే సంగతి, గేర్‌బాక్సో క్లచ్చో పోయి సర్వీస్ సెంటర్‌కి వెళ్తే వాళ్లు ముందు వెతికేది మీరు ఏం మార్చారా అనే. వారంటీ ఉన్నన్నాళ్లు ఆగితే మంచిది, ఆగలేకపోతే పాత స్ప్రాకెట్ పారేయకండి.

## లెక్కలు

రేషియో ఎలా లెక్కేస్తారు?

వెనక పళ్లని ముందు పళ్లతో భాగించాలి. 45 బై 15 అంటే 3, అంటే ముందు స్ప్రాకెట్ మూడు చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు. 14/45 అయితే 3.21, 16/45 అయితే 2.81. అంకె పెరిగితే పికప్ వైపు, తగ్గితే స్పీడ్ వైపు. దీనికి యాప్‌లు కూడా ఉన్నాయి కానీ ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

ముందు ఒక పన్ను వెనక మూడు పళ్లకి సమానం అంటారు, కరెక్టేనా?

సుమారుగా కరెక్టే. 14/45 రేషియో 3.21, ముందు 15 అలాగే ఉంచి వెనక 48 వేస్తే 3.20. అటువైపు చూస్తే 16/45 వేసినా 15/42 వేసినా 2.8 దగ్గరే. అందుకే ముందుది మారిస్తే పెద్ద అడుగు, వెనకది మారిస్తే చిన్న అడుగు. 7 శాతం ఎక్కువైపోయింది అనిపించినవాళ్లు వెనక ఒకటో రెండో పళ్లు మార్చి సరిపెట్టుకోవచ్చు, ఒక్కో పన్నుకి 2 శాతం పైచిలుకు తేడా వస్తుంది.

హైవేలో ఆర్‌పీఎం ఎంత మారుద్ది? వైబ్రేషన్ తట్టుకోలేకపోతున్నా

మీ బండి ఆఖరి గేర్‌లో 100 స్పీడు దగ్గర 6000 తిరుగుతుంది అనుకుందాం. ముందు 15 బదులు 16 వేస్తే అదే 100 దగ్గర 5625, 14 వేస్తే 6430. వినడానికి చిన్న తేడాలే కానీ సింగిల్ సిలిండర్ బండికి ఒక్కో ఆర్‌పీఎం దగ్గర వైబ్రేషన్ గట్టిగా ఉంటుంది, దాని పైనా కిందా కొంచెం నయం. మీరు రోజూ పోయే స్పీడు సరిగ్గా ఆ చోట పడుతుంటే ఒక్క పన్నుతో చేతుల తిమ్మిరి పోవచ్చు, లేదా ఇప్పటిదాకా లేని తిమ్మిరి కొత్తగా రావచ్చు. ముందు ఇదొకటి చేయండి, హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు ఎక్కినప్పుడు ఏ ఆర్‌పీఎం దగ్గర అద్దాల్లో వెనక బండి నెంబరు చదవగలుగుతున్నారో ఏ ఆర్‌పీఎం దగ్గర మసకబారుతుందో రాసుకోండి. ఓఆర్‌ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) మీద టెస్ట్ చేద్దాం అనుకోకండి, టూవీలర్లని ఎలాగూ ఎక్కనివ్వరు.

ఒకేసారి రెండు పళ్లు తగ్గిస్తే ఇంకా మజా కదా?

15 నుంచి 13కి వస్తే 15 శాతం తేడా. మొదటి గేర్ ఇలా వేశామో లేదో అలా అయిపోద్ది, ఊరికే గేర్లు మార్చుకుంటూ కూర్చోవాలి. ముందు స్ప్రాకెట్ చిన్నదైన కొద్దీ చైన్ ఇంకా గట్టిగా వంగాలి, తక్కువ పళ్ల మీద ఎక్కువ లాగుడు పడుద్ది, స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) మీద ఉండే రబ్బరు స్లైడర్‌ని చైన్ గీసుకుంటూ పోద్ది. నేనొక బండి చూశా, స్లైడర్ మొత్తం కోసేసి చైన్ అల్యూమినియం స్వింగ్‌ఆర్మ్‌లో వేలు పట్టేంత గాడి చేసింది. ముందు ఒకటి, అంతకు మించి వద్దు.

## సామాను కొనేటప్పుడు

428, 520 అని అడుగుతున్నాడు షాపువాడు, అవేంటి?

చైన్ సైజులు. మొదటి అంకె పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం, అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెప్తారు. 4 అంటే అర అంగుళం అంటే 12.7 ఎంఎం, 5 అంటే 15.875 ఎంఎం. మిగతా రెండు అంకెలు లోపలి వెడల్పు. మన దగ్గర 100, 150 సీసీ బండ్లు చాలా వరకు 428, డ్యూక్ 390, హిమాలయన్ 411 లాంటివి 520. 428 చైన్‌కి 520 స్ప్రాకెట్ పట్టదు. పాత చైన్ పక్క రేకు మీద నెంబరు కొట్టి ఉంటుంది, మసి తుడిచి ఫోటో తీసుకుని వెళ్లండి, హైదరాబాద్‌లో పుత్లీబౌలీ వైపు వెళ్తే ఒకే బండికి నాలుగు రకాలు ముందు పెడతారు, ఫోటో ఉంటే బతికిపోతారు.

ముందు స్ప్రాకెట్ ఒక్కటే మార్చొచ్చా, మొత్తం చైన్ సెట్ మార్చాలా?

చైన్ కొత్తదైతే ఒక్కటే మార్చొచ్చు. బాగా తిరిగిన చైన్ అయితే వద్దు, సాగిన చైన్ కొత్త పళ్లని నెలల్లో తినేస్తుంది. చూడటం తేలిక, వెనక స్ప్రాకెట్ మీద చైన్‌ని మధ్యలో వేలితో పట్టి వెనక్కి లాగండి, సగం పన్ను బయటికి కనపడితే దాని పని అయిపోయింది. టేపు ఉంటే చైన్‌ని బిగువుగా లాగి 20 లింకులు కొలవండి, కొత్త 520 చైన్ అయితే 317.5 ఎంఎం రావాలి, 320 దాటుతుంటే కొత్త సెట్‌కి డబ్బులు దాచుకోండి. పళ్లు ఒకవైపుకి వంగి కొడవలిలా కనపడుతుంటే కొలవాల్సిన పని కూడా లేదు. నా సలహా అడిగితే, సెట్ మొత్తం మార్చే రోజు కోసం ఆగి అప్పుడే మీక్కావాల్సిన పళ్లు వేసుకోండి, ఖర్చు కలిసొస్తుంది.

ఉన్న చైన్ పొడవు సరిపోద్దా?

ముందు ఒక్క పన్ను తేడాకి సాధారణంగా సరిపోద్ది. 520 చైన్ బండిలో ఒక పన్ను పెంచితే వెనక యాక్సిల్ (చక్రం ఇరుసు) 4 ఎంఎం ముందుకి రావాలి, తగ్గిస్తే 4 ఎంఎం వెనక్కి పోవాలి, 428 చైన్ అయితే 3 ఎంఎం పైన. వెనక మూడు పళ్లు పెంచితే 520కి 12 ఎంఎం దాకా ముందుకి రావాలి, అక్కడ టైరు స్వింగ్‌ఆర్మ్‌కి తగులుతుందేమో చూడాలి. అందరూ పప్పులో కాలేసేది ఇంకోచోట, చైన్ ముందే సాగి అడ్జస్టర్ (చైన్ బిగించే మర) చివరి గీత దగ్గరుంటే 14 వేశాక బిగించడానికి చోటుండదు. ఇంటి దగ్గరే అడ్జస్టర్ గీతలు ఎన్ని మిగిలాయో చూసుకుని షాపుకి వెళ్లండి.

అల్యూమినియం వెనక స్ప్రాకెట్ అందంగా ఉంది, వేయమంటారా?

రేసుకి వేయండి. ఆఫీసుకి స్టీలే, అల్యూమినియం తొందరగా అరుగుద్ది.

## బిగించేటప్పుడు

ముందు స్ప్రాకెట్ నట్ ఎంత లాగినా రావట్లేదు

మీరు చైన్ విప్పేసి ఉంటారు, అదే తప్పు. చైన్ ఉండగానే, బండి నేల మీద ఉండగానే, ఒకరు వెనక బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుంటే ఇంకొకరు పొడుగు రాడ్డు వేసి లాగాలి. దానికంటే ముందు నట్ వెనక లాక్ వాషర్ మడత ఉంటే స్క్రూడ్రైవర్‌తో చదును చేయాలి. చిన్న బండ్లలో చాలావాటికి పెద్ద నట్ ఉండదు, ఒక ప్లేటు రెండు బోల్టులు, ఐదు నిమిషాల పని. ఉలి పెట్టి సుత్తితో కొట్టేవాడు కనపడితే బండి తీసుకుని వచ్చేయండి. నాకు జరిగింది, నేను టీ తాగి వచ్చేలోపు ఒక మెకానిక్ నట్ మూలలన్నీ గుండ్రంగా చేసి పెట్టాడు, దాన్ని కోసి తీయడానికి ఇంకో షాపులో సగం రోజు పోయింది, షాఫ్ట్ మర బతికింది నా అదృష్టం. కవర్ ఎలాగూ తెరిచారు కాబట్టి లోపల గడ్డకట్టిన గ్రీజు మట్టి గీకేసి, షాఫ్ట్ సీల్ దగ్గర ఆయిల్ కారుతుందేమో చూడండి, తిరిగి బిగించేటప్పుడు ఎంత టార్క్ (ఎంత గట్టిగా బిగించాలి) అనేది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. 16 వేసినవాళ్లు కవర్ మూసేముందు చక్రం చేత్తో తిప్పి చైన్ కవర్‌కి తగలట్లేదని చూసుకోండి.

చైన్ లాక్ క్లిప్ ఏ వైపు పెట్టాలి?

క్లిప్ చేపలా ఉంటుంది కదా, ఒకవైపు మూసి తలలా, ఒకవైపు చీలి తోకలా. చైన్ ఎటు కదులుతుందో చేప అటు ఈదాలి, అంటే పైవరస చైన్‌లో తల బండి ముందు వైపుకి. తిప్పి పెడితే ఏదైనా తగిలినప్పుడు ఊడొచ్చేస్తుంది. 520 ఓ రింగ్ (లింకుల్లో రబ్బరు రింగులుండే) చైన్లకి చాలావాటికి క్లిప్ ఉండదు, రివెట్ కొట్టాలి, దానికి టూల్ ఉన్నవాడి దగ్గరికే వెళ్లండి.

చైన్ ఎంత బిగించాలి? మెకానిక్ తీగలా లాగేశాడు

తీగలా ఉంటే వెంటనే వదులు చేయించండి. స్వింగ్‌ఆర్మ్ మీద స్టిక్కర్‌లో ఎంత వదులు ఉండాలో రాసుంటుంది, మామూలు రోడ్డు బండ్లకి చాలావరకు 25 నుంచి 35 ఎంఎం మధ్య. మీరు కూర్చుని గోతిలో పడ్డప్పుడు సస్పెన్షన్ దిగి చైన్ ఇంకా బిగుసుకుంటుంది, అప్పటికే తీగలా ఉంటే ఆ దెబ్బ గేర్‌బాక్స్ బేరింగ్ మీద పడుద్ది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి, అన్నిటికంటే బిగువుగా ఉన్నచోట కొలవండి. చక్రం చేత్తోనే తిప్పాలి, ఇంజన్ ఆన్ చేసి గేర్‌లో తిప్పుతూ గుడ్డతో తుడిచేవాళ్లు వేళ్లు పోగొట్టుకుంటారు.

## రోడ్డెక్కాక

స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందా?

సెన్సార్ ఎక్కడుందో దాన్ని బట్టి. చక్రం దగ్గర ఉంటే, పాత బండ్లలోలా ముందు చక్రం నుంచి కేబుల్ వస్తుంటే, ఏమీ మారదు. గేర్‌బాక్స్ దగ్గర ఉంటే మారుద్ది, 15 బదులు 16 వేశాక మీటరు 100 అంటే అసలు దాదాపు 107, 14 వేస్తే మీటరు 100 అన్నప్పుడు అసలు 93. కిలోమీటర్ల లెక్క కూడా అలాగే తేడా వస్తుంది, "16 వేశాక మైలేజీ తగ్గింది" అనేవాళ్లలో కొందరిది నిజంగా తగ్గలేదు, మీటరే తక్కువ తిరుగుతోంది. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి వెనక ఫ్రెండ్‌ని చూడమంటే ఐదు నిమిషాల్లో తేలిపోద్ది.

ఏబీఎస్‌కి ఏమన్నా అవుద్దా?

కాదు. ఏబీఎస్ సెన్సార్లు చక్రాలని చూస్తాయి, చైన్‌ని కాదు. కాకపోతే గేర్ నెంబరుని ఆర్‌పీఎం, స్పీడు కలిపి లెక్కగట్టి చూపించే మీటర్లు కొన్ని ఉంటాయి, అవి మధ్యమధ్యలో తికమక పడొచ్చు.

మార్చినప్పటి నుంచి కిర్రుమని సౌండ్ వస్తుంది

వంద కిలోమీటర్లలో తగ్గుతూ పోతే కొత్త పళ్లు కుదురుకుంటున్నట్టే. తగ్గకపోతే వెనక చక్రం వంకర బిగించి ఉంటారు, స్వింగ్‌ఆర్మ్ రెండు వైపులా గీతలు సమానంగా ఉన్నాయో లేదో చూడండి, తర్వాత వెనక నుంచి వంగి చైన్ పైవరస వెంబడి ఒక కన్ను మూసి చూడండి, వంకర ఉంటే కనపడుద్ది. టక్ టక్ అని లెక్కగా వస్తుంటే ఒక లింకు పట్టేసినట్టు, ఆయిల్ వేసి చేత్తో ఆడించండి. ఏదేమైనా మొదటి 200 కిలోమీటర్లకి నట్లు, చైన్ వదులు ఒకసారి చూపించాలి.

ఇంతకీ మీరేం వేసుకున్నారన్నా?

15/45. నాలుగు నెలలు 16 వేసి తిరిగా. విజయవాడ రోడ్డు మీద భలే ఉండేది, ఇంజన్ నిమ్మళంగా కూర్చుని పోయేది, ఆరో గేర్ నుంచి చెయ్యి తీయబుద్ధయ్యేది కాదు. సోమవారం పొద్దున మూసాపేట సిగ్నల్ దగ్గర మాత్రం రెండో గేర్‌లో ఇరవై స్పీడులో చైన్ టకటకా కొట్టుకుంటూ బండి గుర్రంలా ఎగిరెగిరి పడేది, వెనక మా ఆవిడ రెండుసార్లు హెల్మెట్‌తో నా హెల్మెట్‌కి కొట్టింది, కావాలని కాదు అంటుంది. నెలకి ఒక్కసారి హైవే ఎక్కేవాడిని, మిగతా రోజులన్నీ సిగ్నళ్లలోనే, అందుకే తీసేశా. ఆ 16 స్ప్రాకెట్‌కి నూనె రాసి పేపర్‌లో చుట్టి టూల్ డబ్బాలో పెట్టా, ఒక్కడినే దూరం వెళ్లే పని పడితే మళ్లీ బయటికి తీస్తా.